సాయంత్రం వాడకం

మా ఆయన తప్పు చేయగా చూసినవాళ్ళు ఉన్నారు గానీ, ఒప్పుకోగా విన్నవాళ్ళు లేరు. పెళ్ళైన కొత్తలో నన్ను ఒక స్టేషను ముందే రైలు దింపేశారు. సామాన్లతో సహా ప్లాట్‌ఫారం మీద నిలబడి, కదిలిపోతున్న రైలు వంక చూస్తూ, "రైలు తొందరపడింది" అన్నారు. ఇరవై ఆరేళ్ళయింది. ఆ రైలు ఇంకా తొందరపడుతూనే ఉంది.

శాసనసభ్యులయ్యాక ఆయనకి ఇంకా మంచి మాట దొరికింది. సవరణ. "చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నారండీ" అంటే, "సవరిస్తాలే" అంటారు. తప్పుగా పెట్టుకున్నానని మాత్రం అనరు.

సభలో ఇంధన కమిటీకి ఆయన అధ్యక్షులు. పొద్దున్న ఏడింటికి ఇల్లు వదిలితే నేను పడుకున్నాక వస్తారు. వెనకాలే ఫైళ్ళ కట్టతో ఆయన సహాయకుడు, యాభై దాటిన మనిషి. అతనికి నేను నీడ అని పేరు పెట్టాను. నీడైతే మబ్బు పట్టినప్పుడైనా వదులుతుంది, ఇతను వదలడు.

వాళ్ళు వెళ్ళాక ఇంట్లో మిగిలేది నేనూ, గోడ గడియారమూ, ఫోనూ. గడియారం మాట్లాడుతుంది గానీ వినదు. ఆ గుణంలో అది మా ఆయన తరఫు బంధువే.

ఫోను సంగతి వేరు. ఎన్నికల కరపత్రంలో ఆఫీసు నంబరుకి బదులు మా ఇంటి నంబరు అచ్చయింది. అదేమిటండీ అంటే, "మంచిదే, జనానికి దగ్గరవుతాం" అన్నారు. ఆయన మాట పొల్లుపోలేదు, జనం నాకు బాగా దగ్గరయ్యారు. ఎవరు, ఏ ఊరు, ఏ వేళప్పుడు, ఏం కష్టం... అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టేదాన్ని. వారానికోసారి నీడ వచ్చి ఆ పుస్తకాన్ని బల్ల మీద ఇటు నుంచి అటు జరిపి వెళ్ళేవాడు.

అలా వచ్చిందే పాలకేంద్రం ఆవిడ ఫోను.

"సార్ ఉన్నారా అమ్మగారూ?"

"లేరమ్మా. నేను ఆయన భార్యని."

"పోనీలెండి, ఎవరో ఒకరు ఎత్తారు. నేను పాలకేంద్రం నడుపుతానమ్మా. మా ఊళ్ళో నాలుగింటికి కరెంటు తీసేస్తున్నారు. మళ్ళీ ఇచ్చేది ఏడింటికి. సాయంత్రం పాలు నా దగ్గరికి వచ్చేదే నాలుగున్నరకి. ట్యాంకు చల్లబరిచేది ఎప్పుడు, పాలు విరగకుండా ఉండేది ఎప్పుడు?"

"జనరేటరు లేదా?"

"ఎందుకు లేదూ? పాలు చల్లబడేలోగా అది వేడెక్కి పడుకుంటుంది. దానికి నేను విసనకర్ర పట్టుకుని విసరాలి."

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఆ మూడు గంటల కోత మా ఆయన చేతి పనే మరి. సాయంత్రం పట్నానికి కరెంటు చాలడం లేదని, ఆ వేళకి పల్లె లైన్లు ఆపి చూద్దామని మూడు నెలల ప్రయోగం పెట్టించారు. గడువయ్యాక దాన్ని శాశ్వతం చేయాలో వద్దో కమిటీ తేల్చాలి.

మర్నాడు టిఫిను దగ్గర చెప్పాను. ఆయన జేబులోంచి ఒక కాగితం తీసి పరిచారు. దాని మీద ఒక గీత. పొద్దుటి నుంచీ కొండలా ఉన్నది, నాలుగింటి దగ్గర గోతిలో పడ్డ బండిలా దిగబడిపోయి, ఏడింటికి మళ్ళీ పైకి లేచింది.

"చూడు. నాలుగు తర్వాత పల్లెల్లో వాడకం ఎంత పడిపోయిందో! వాళ్ళకి ఆ వేళ కరెంటు అక్కర్లేదు. నేను చెప్పడం కాదు, గీతే చెప్తోంది."

"మరి ఆ పాలకేంద్రం ఆవిడ..."

"ఒక్క మనిషి మాట మీద విధానాలు నడవవు."

నీడ తలూపాడు. అతనికి జీతం ఇచ్చేది దానికే.

ఆ గీతలో ఏదో తిరకాసు ఉందని అప్పుడే అనిపించింది. అదేమిటో అంట్లు తోముతుంటే తెలిసింది. డిగ్రీలో నేను చదివింది లెక్కలే. కానీ చెప్పలేదు. ఈసారి ఆయన అడిగితే చెబుదాం అనుకున్నాను. ఆయన అడగరని ఇరవై ఆరేళ్ళుగా తెలిసి కూడా అలాగే అనుకున్నాను.

పాలకేంద్రం ఆవిడ మర్నాడు మళ్ళీ చేసింది. ఆ మర్నాడూ చేసింది. సరిగ్గా నాలుగుంపావుకి.

"మిషను ఆగిపోయాక నాకు మాత్రం పనేముంది అమ్మగారూ? ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి. మీతో మాట్లాడితే కాస్త పొద్దుపోతుంది."

మొదట కరెంటు గురించే మాట్లాడుకున్నాం. తర్వాత మోకాళ్ళ నొప్పుల గురించి. తర్వాత వాళ్ళాయన గురించి. ఆయన గొడుగు పట్టుకెళ్ళిన రోజు వాన పడదట, పడిన రోజు గొడుగు ఎవరింట్లోనో ఉంటుందట. నేను రైలు సంగతి చెప్పాను. ఆవిడ నవ్వు ఆపుకోలేక, "మీ ఆయనకి రైలు మీదే కోపం, మావాడికి మబ్బు మీద" అంది. రెండో వారానికి అమ్మగారు పోయి అక్క అయ్యాను.

ఒక రోజు ఫోనెత్తగానే, "తిన్నావా అక్కా?" అంది.

ఈ ఇంట్లో ఆ ప్రశ్న నేను అడిగేదే గానీ, నన్ను అడిగేది కాదు.

ఆ తర్వాత నాలుగయ్యేసరికి మొహం కడుక్కుని, టీ పెట్టుకుని, ఫోను పక్కన కుర్చీలో కూర్చోవడం అలవాటైంది. అది మోగగానే ఎత్తి, "పోయిందా కరెంటు?" అని ఆత్రంగా అడిగేదాన్ని. నాకెంత దిగులో అనుకునేది ఆవిడ.

"సార్‌కి చెప్పావా అక్కా?" అని రోజూ చివర్లో ఒకసారి అడిగేది.

"చెప్పాను. చూస్తున్నారు" అనేదాన్ని.

పన్నెండో వారంలో, ఒక గురువారం, ఆవిడ గొంతులో హుషారు లేదు.

"పెద్దమ్మ ఆవుని అమ్మేసిందక్కా."

పెద్దమ్మ నాకు ఫోనులోనే తెలుసు. అందరికన్నా ముందు కర్ర పొడుచుకుంటూ, చిన్న క్యాను పట్టుకుని వచ్చే ముసలావిడ. ఇంట్లో ఆవిడా, ఆ ఆవూ, అంతే.

"ఈ వారంలో మూడుసార్లు పాలు విరిగాయని తిప్పి పంపాను. ఇంక ఎవరికి పొయ్యనే, అని అమ్మేసింది. రేపు మీ సార్ వాళ్ళ కమిటీలో ఈ కోత ఖాయమైతే, డెయిరీ వాళ్ళు సోమవారం ట్యాంకు పట్టుకుపోతారట. నలభై ఇళ్ళవాళ్ళం అక్కా. మళ్ళీ ఒకసారి సార్‌తో అంటావా?"

అంటానన్నాను. టీ చల్లారిపోయింది. పారబోశాను.

మర్నాడు పొద్దున్న ఆయన వచ్చి కూర్చునేసరికి బల్ల మీద ఒక్క పళ్ళెమే ఉంది. అది నా ముందుంది.

"నా పళ్ళెం ఏది?"

"అటకెక్కించాను."

"ఎందుకు?"

"లెక్కలు తీశానండీ. ఈ మూడు నెలల్లో రాత్రి భోజనానికి మీ పళ్ళెం వాడింది నాలుగుసార్లు. మీకు అక్కర్లేదని తేలిపోయింది. నేను చెప్పడం కాదు, గీతే చెప్తోంది." ఆ రోజు ఆయన బల్ల మీద వదిలేసిన కాగితం వెనకే గీసిన గీతని ముందుకు తోశాను.

"మనిషి ఇంట్లో లేకపోతే పళ్ళెం వాడకం ఎలా ఉంటుంది?" అన్నారు విసుగ్గా.

"కరెంటు లేకపోతే కరెంటు వాడకం ఎలా ఉంటుందండీ?"

నీడ ఊపబోయిన తలని సగంలో ఆపేశాడు.

ఆయన కాగితాన్ని ముందుకీ వెనక్కీ రెండుసార్లు తిప్పి చూశారు. నేను నోటుపుస్తకం తెచ్చి విప్పాను. ఒక్క మనిషి మాట కాదది. సాయంత్రం పూట మూతపడిన పిండిమర, మందులు పాడైపోతున్న ఆసుపత్రి ఫ్రిజ్, వేళ రాసి మరీ ఉన్నాయి. ఆయన నిలబడే చదివారు.

"సవరణ పెడతాను" అన్నారు చివరికి.

"సార్, నివేదిక అచ్చయిపోయింది..." అన్నాడు నీడ.

"మళ్ళీ అచ్చేయించు."

అంతే. వెళ్ళేటప్పుడు మాత్రం కుర్చీ ఎక్కి తన పళ్ళెం తనే దింపుకుని బల్ల మీద పెట్టి వెళ్ళారు. మధ్యాహ్నం టీవీలో చెప్పారు, కమిటీ నివేదికలో స్వల్ప సవరణ జరిగిందనీ, సోమవారం నుంచి పల్లెలకి సాయంత్రం కోత ఉండదనీ.

సోమవారం నాలుగింటికి మొహం కడుక్కున్నాను. టీ పెట్టుకున్నాను. నాలుగుంపావయింది. నాలుగున్నరయింది. గడియారం తన మాటలు తను చెప్పుకుంటోంది. ఫోను పాడైందేమోనని ఎత్తి చూశాను. బాగానే ఉంది.

మంగళవారమూ అంతే.

బుధవారం నేనే చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది. వెనకాల హోరు. తేనెపట్టు లాంటి హోరు.

"అక్కా! నువ్వా! ఉండు, ఒక్క నిమిషం... ఏయ్, ఆ క్యాను ఇటు పెట్టండి, వరస తప్పకండి! ఆఁ, చెప్పక్కా. వినబడుతోందా మిషను? చెవులు పగిలిపోతున్నాయనుకో! తీరిక లేదక్కా, అందుకే చెయ్యలేదు. ఏమైనా పనుందా?"

"ఏం లేదు. ఊరికే... పెద్దమ్మ ఎలా ఉంది?"

"ఇదిగో, ఇక్కడే కూర్చుంది. రోజూ వస్తుంది, ఉత్త చేతులతోనే. వేళయ్యేసరికి కాళ్ళు లాక్కొస్తాయట. ఆవుని కొన్నవాళ్ళు తిరిగి ఇచ్చేది లేదన్నారు. పదిహేను రోజులు ముందు మారి ఉంటేనా... పోనీలే, ఇప్పటికైనా మారింది. నువ్వు రోజూ సార్ చెవిలో పోరబట్టే కదా."

రైలు తొందరపడింది, అని నా నాలుక చివరిదాకా వచ్చింది. అవతల ఎవరో పాలు పోస్తున్న చప్పుడు.

"రోజూ పోరలేదే" అన్నాను. "ఒక్కసారే చెప్పాను, మొదట్లో. ఆ లెక్కలో మెలిక ఎక్కడుందో నాకు ఆ రోజే తెలుసు."

"ఏంటక్కా? మిషను హోరులో వినబడలేదు."

గొంతు పెంచాను. ఖాళీ ఇంట్లో నా మాట నాకే గట్టిగా వినబడింది.

"చెబితే కరెంటొస్తుంది, కరెంటొస్తే నువ్వు ఫోను చెయ్యవు. అందుకని చెప్పలేదు. పెద్దమ్మకి ఫోనివ్వు. తప్పు మా ఆయనదొక్కటే కాదు, నాదీను. తప్పు చేశాను."