గడ్డివాముకు మంచు సాక్ష్యం

అన్యాయం జరిగింది ఎవరికి? లింగవ్వకు. ఎలా జరిగింది? ఎనభైల చివర్లో, ఒక ఎండాకాలపు మిట్టమధ్యాహ్నం, ఆమె వరిగడ్డి వాము కాలి బూడిదైంది. ఆనాడే పక్క చేనులో రాజమల్లు పటేలు చెరుకు కొట్టించి, మిగిలిన ఎండుటాకుకు నిప్పు పెట్టించాడు. పంచాయితీలో మాత్రం, "నా మంట గట్టు దాటలే. ఆమెనే పచ్చిగడ్డి వాము వేసింది, అది లోపల్లోపల ఉడికి అంటుకున్నది" అన్నాడు. చూసినవారు లేరు. పెద్దలు తలలూపారు.

గడ్డి పోయినందుకు లింగవ్వ ఏడవలేదు. ఆ సంవత్సరం బర్రెలను చెరుకు కొసలతో సాకింది. "పచ్చిగడ్డి లింగవ్వ" అని ఊరు తగిలించిన పేరును మాత్రం ఆమె మరువలేదు. బోధన్ నుంచి వర్ని పోయే దారి పొడవునా వాము వేయడంలో ఆమెకు సాటి లేరని నేనెరుగుదును. న్యాయం ఆలస్యమైతే కావచ్చు గాని, దానికి కాలదోషం పడుతుందంటే నేను ఒప్పుకోను. అందుకే రాజమల్లు పేపరు కోసం మా అరుగెక్కినప్పుడల్లా, "వాము సంగతి ఏమైంది పటేలా?" అని అడిగి గాని పేపరు ఇచ్చేదాన్ని కాదు.

"ఉడికింది టీచరమ్మా" అని నవ్వేవాడు.

2006లో ఒక ఉదయం ఆయన పేపరు చూస్తూ, పాలు పోయడానికి వచ్చిన లింగవ్వను ఆటపట్టించాడు.

"సూసినవా లింగవ్వా, బర్రెలు తేన్పుతుంటె భూమి వేడెక్కుతున్నదట! మీథేనని గ్యాసట. అప్పుడు వాము ఉడికిచ్చినవ్, ఇప్పుడు భూగోళాన్నే ఉడికిస్తున్నవ్."

"నా బర్రె ఒక్కదాన్నే అన్నరా, నీ వరిమడిని గూడ అన్నరా? మొత్తం సదువు పటేలా."

హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో పనిచేస్తూ సెలవుకు వచ్చిన నా పూర్వ విద్యార్థిని హసీనా అక్కడే చాయ్ తాగుతోంది. దక్షిణ ధ్రువంలో లోతుగా తొలిచి తీసిన మంచుదిమ్మెల్లోని పాతకాలపు గాలిని పరీక్షించడమే ఆమె పని.

"కాకా, అక్కడ మంచు ఏటేటా పొరలు పొరలుగ పేరుకుంటది," అంది హసీనా. "నడుమ గాలి బుడగల లెక్క చిక్కుకుంటది. వేల ఏండ్ల కిందటి గాలి గూడ దొరుకుతది. అందుల మీథేన్ ఎంతున్నదో చూస్తం, ఎక్కడికెళ్లి వచ్చిందో గూడ చూస్తం."

"ఎట్ల? దాని మీద ఊరి పేరు రాసుంటదా?"

"కార్బన్‌ల తేలికది, బరువుది అని రెండు రకాలుంటయి. మంటల నుంచి వచ్చిన మీథేన్‌ల బరువు కార్బన్ జర ఎక్కువుంటది. బర్రె కడుపుల, వరిమడిల, బురదల పుట్టినదాంట్ల తక్కువుంటది. దాన్ని బట్టి ఏ కాలంల మంటల వంతు ఎంతో అంచనా వేస్తం."

రాజమల్లు పేపరు మడిచాడు. "అంటే, కాలవెట్టిన సంగతి మంచుకు తెలుస్తదా?"

"తెలుస్తది."

"మన దిక్కు పొగ గూడనా?"

"గాలికి గట్లుంటయా కాకా? అందరిదీ కలుస్తది."

ఆయన ముఖం రంగు మారింది. "నాది రెండెకరాల ఆకే గద బిడ్డా! గాలి మళ్లింది, నేనేం జేతు?"

ఏ ఒక్కరి చేను పొగనూ మంచు విడదీసి చూపలేదని చెప్పబోయిన హసీనాను నేను చూపుతోనే ఆపాను. వాంగ్మూలం నడుస్తున్నప్పుడు అడ్డు తగలరాదు.

లింగవ్వ పాలచెంబు కింద పెట్టింది. "గాలి ఎటు మళ్లింది పటేలా?"

"నీ వాము దిక్కు."

"గట్టు దాటిందా?"

"దాటింది. భయపడి అబద్ధమాడిన."

"మరి నా గడ్డి?"

"ఎండుదే లింగవ్వా. ముట్టుకుంటె గలగలమనె."

అప్పుడు హసీనా మిగిలిన పాఠం చెప్పింది. "మంచుకు నీ పేరు తెల్వదు కాకా."

"గీ ముక్క ముందుగాల చెప్పొద్దా బిడ్డా!" అని రాజమల్లు తల పట్టుకున్నాడు. లింగవ్వ నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

వరికోతలు కాగానే రాజమల్లు ఆమె కొట్టం దగ్గరికి బండ్లతో గడ్డి తోలించాడు. పంచాయితీలో ఆడిన మాటను ఊరి పెద్దల ఎదుట వెనక్కి తీసుకుని, తానే పైకెక్కి వాము వేశాడు.

"చూరు దాటింది, సాలదా?" అన్నాడు పైనుంచి.

"అప్పటిది ఇంక మూరెడు ఎత్తుండె పటేలా. మంచునడుగు, చెప్తది."

జనం గొల్లుమన్నారు. ఆయన ఆ మూరెడు కూడా వేసి దిగాడు. లింగవ్వ భుజం దాకా చేయి దూర్చి, లోపలి నుంచి పిడికెడు గడ్డి లాగి, విరిచి, వాసన చూసింది.

"ఎండుగడ్డే," అంది ఊరందరికీ వినబడేలా. "పటేలు బాకీ తీరింది."

మర్నాడు రాజమల్లు అరుగెక్కి, అలవాటుగా నా ప్రశ్న కోసం నిలబడ్డాడు. నేనేమీ అడగకుండా పేపరు ఇచ్చాను.