ఆగినప్పుడు తెరిచి ఉండాల్సిన రేకు

కార్బొరేటర్ పగిలిన సంగతి వాసనే చెప్పింది. షెడ్డు తలుపు తీయగానే పెట్రోలు గుప్పుమంది. మా ఆయన పోయాక మూడేళ్లుగా ఆ చిన్న ట్రాక్టరును మా అమ్మాయే నడుపుతోంది. పగుల్లో బట్టల సబ్బు కూరి నాలుగు రోజులు నెట్టుకొచ్చింది. ఐదో రోజు సబ్బు ముద్ద ఊడి కింద పడింది.

అంత పాత బండికి సరిపడే కార్బొరేటర్ ఎక్కడా దొరకలేదు. చివరికి మా మరిది ఒక నీళ్ల పంపు ఇంజిన్‌ది ఊడదీసి, పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు గుడ్డలో చుట్టి తెచ్చాడు.

"బండికి పడుతుందా?" అన్నాను.

"పట్టకపోతే పట్టిస్తాను వదినా. నా చేతిలో పడ్డాక మొండికేసిన ఇంజిన్ ఉందా?"

"నీ చేతిలో పడ్డ మా గోడ గడియారం ఇంకా మొండికేసే ఉంది బాబాయ్," అంది అమ్మాయి.

బోల్టు రంధ్రాలు కలవలేదు. రేకు ముక్క కోసి మధ్యలో పెట్టాడు. చెప్పుల డబ్బా అట్టతో వాషరు కత్తిరించాడు. గాలి వడపోసే డబ్బా పట్టకపోతే పక్కన పడేశాడు. ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే గవర్నరు నుంచి వచ్చే కమ్మీ పొట్టిదైంది. దాన్ని అందించడానికి కార్బొరేటర్ మీది చిన్న మీటను అటుది ఇటు తిప్పి బిగించాడు.

అక్కడే నాకు అనుమానం వచ్చింది.

ఆ కమ్మీని మా ఆయన కోసం నేను ఎన్నిసార్లు పట్టుకున్నానో. ఇంజిన్ వేగం మితిమీరితే గవర్నరు ఆ కమ్మీని లాగుతుంది. కార్బొరేటర్ గొంతులో ఉన్న గుండ్రటి రేకు మూసుకుని వేగం దిగుతుంది. "ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు రేకు తెరిచి ఉండాలి," అనేవాడాయన. "అప్పుడు మూసి ఉందంటే, పరిగెత్తేటప్పుడు తెరుచుకుంటుంది. ఇక దాన్ని పట్టేవాడుండడు."

టార్చి వేసి గొంతులోకి చూశాను. రేకు మూసి ఉంది.

"అబ్బాయ్, ఇది తెరిచి ఉండాలి."

"తెరిచి పెడితే ఈగలు వాలతాయి వదినా."

"నవ్వులాట కాదు. మీ అన్న చేతిలో ఎప్పుడూ తెరిచే ఉండేది."

"అది వేరు, ఇది వేరు. పంపుది కదా, దాని లెక్క దానిది."

"బాబాయ్‌కి తెలీదంటావా అమ్మా?" అంది అమ్మాయి. సీటెక్కి కూర్చుంది.

ఆ సీటుకు ముందే ఇంజిన్. ఇంజిన్ పక్కన పోత ఇనుప చక్రం, అమ్మాయి మోకాళ్లకు జానెడు దూరంలో. ఇంజిన్ తిరుగుతుంటే, పగిలితే ముక్కలు ఎగిరొస్తాయని, ఆ చక్రానికి ఎదురుగా మా ఆయన ఎవరినీ నిలబడనిచ్చేవాడు కాదు. నేను గబగబా ఇంట్లోకి వెళ్లి నీళ్ల పీపా మీది చెక్క మూత తెచ్చాను.

"మూతెందుకు వదినా? ఇంజిన్ మీద ఎసరు పెడతావా?"

మూత చేత్తో పట్టుకుని కార్బొరేటర్ పక్కన నిలబడ్డాను.

చక్రానికి తాడు చుట్టి రెండుసార్లు లాగాడు. ఇంజిన్ మెత్తగా అందుకుంది. ఇన్నేళ్లలో అది అంత నిదానంగా తిరగడం నేను వినలేదు.

"విన్నావా? పిల్లి గురక!" అన్నాడు మరిది. "కొంచెం పెంచవే."

అమ్మాయి చేతిమీట ముందుకు తోసింది. శబ్దం లేచింది.

"చాలు, తగ్గించు."

"తగ్గించాను బాబాయ్!"

మీట ఆమె చేతిలో పూర్తిగా వెనక్కి వచ్చేసి ఉంది. శబ్దం మాత్రం ఇంకా లేస్తూనే ఉంది. పైకప్పు రేకులు దడదడలాడాయి. బల్ల మీది స్పానర్లు జరుగుతూ జరుగుతూ ఒక్కొక్కటే కింద పడ్డాయి. ఆపే స్విచ్ పోయి చాలా కాలమైంది. పెట్రోలు కట్టేసి ఆపడమే మాకు అలవాటు. మరిది కుళాయి తిప్పేశాడు. కార్బొరేటర్ కడుపులో మిగిలిన పెట్రోలే చాలు, దానికి ఇంకా పరిగెత్తడానికి. "దిగవే!" అని అరిచాను. నా గొంతు నాకే వినబడలేదు. అమ్మాయి మీటను రెండు చేతులతో పట్టుకుని లాగుతోంది.

చెక్క మూతను కార్బొరేటర్ నోటికి ఆనించాను. అది నా చేతుల్లోంచి లాక్కున్నట్టు దాన్ని పీల్చుకుంది. చెక్క కిర్రుమంది. ఒళ్లంతా బరువేసి అదిమాను. ఇంజిన్ రెండుసార్లు దగ్గి, ఒక్క కుదుపుతో ఆగిపోయింది.

షెడ్డంతా కాలిన రంగు వాసన.

"గవర్నరు స్ప్రింగు బలం ఎక్కువైనట్టుంది," అన్నాడు మరిది. తాడు మళ్లీ అందుకున్నాడు. "మార్చి ఇంకొక్కసారి..."

"బాబాయ్," అంది అమ్మాయి.

చక్రం మీద, ఇరుసు దగ్గర మొదలై అంచు దాకా వెంట్రుకలాంటి గీత ఉంది. మరిది గుడ్డతో తుడిచాడు. పోలేదు. గోటితో గీరాడు. గోరు అందులో దిగింది.

తాడు అతని చేతిలోంచి తీసుకున్నాను.

"నువ్వు ముందు దిగు తల్లీ."

"కాళ్లు రావడం లేదమ్మా," అంది.

వెళ్లి పట్టుకుందామనుకున్నాను. అప్పుడు చూసుకున్నాను. ఆగిపోయిన ఇంజిన్ నోటికి ఆ మూతను నా రెండో చెయ్యి ఇంకా అదిమే ఉంది.