మా ప్రతినిధి

ప్రిసిల్లా రాసిన వార్తల్లో ప్రిసిల్లా పేరు ఎక్కడా ఉండదు. ఓ డయాలసిస్ సెంటర్లో ఒకరికి వాడిన ఫిల్టర్లను కడిగి ఇంకొకరికి తగిలిస్తున్నారని ఆమె రాసిన కథనంతో సికింద్రాబాద్ అట్టుడికిపోయింది. అప్పుడు కూడా దాని నెత్తిన ఉన్నది రెండు ముక్కలే: 'మా ప్రతినిధి'. ఆ పత్రికలో అదే ఆనవాయితీ. పెద్దవాళ్ల గుట్టు రట్టుచేసే వార్తలకు రాసినవాళ్ల పేరు పెట్టరు. "నీ మంచికేనమ్మా. రేపు ఎవడన్న నీ బండికి అడ్డమొస్తే?" అంటాడు బ్యూరో చీఫ్ ఓంప్రకాశ్. నిజమే కాబోలని ఆమె ఇన్నేళ్లూ ఊరుకుంది. ఎవరి మంచికో ఆలోచించలేదు, పిచ్చిది.

ఆ కథనం సెంటర్ మేనేజర్ దగ్గరే ఆగిపోయింది. మేనేజర్‌ను పోలీసులు పట్టుకెళ్లారు, సెంటర్‌కు తాళం పడింది. నెల తిరక్కుండానే యాప్రాల్‌లో ఇంకో బోర్డు కింద అవే యంత్రాలు మళ్లీ పని మొదలుపెట్టాయి. మరి అసలు యజమాని ఎవరు? ఒక కంపెనీ వెనక ఇంకో కంపెనీ, దాని వెనక మరొకటి. ఆ కాగితాలన్నీ తెచ్చి ముందేసుకుంది గానీ ప్రిసిల్లాకు తలా తోకా అర్థం కాలేదు. దొంగ ఎదురుగా ఉండి, పట్టుకునే విద్య చేతిలో లేకపోతే ఎంత కడుపుమంటగా ఉంటుందో ఆమెనే అడగాలి.

సరిగ్గా అప్పుడే ఆ ప్రకటన కంటబడింది. పరిశోధనాత్మక కథనాలు రాయడంలో పదేళ్లు దాటిన విలేకరులకు చెన్నైలో ఏటా ఇచ్చే మూడు నెలల శిక్షణ. కంపెనీల లెక్కలు చదవడం, పేరుకు నిలబెట్టిన యజమానుల వెనక అసలువాళ్లను బయటికి లాగడం నేర్పుతారట. వయసు నలభై అయిదు దాటకూడదు. ప్రిసిల్లాకు ఈ ఏడాదితో ఆ గీత దాటిపోతుంది. "వెళ్లిరా, ఇల్లు నేను చూసుకుంటా" అన్నాడు భర్త సైలస్. అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. సొంత పేరుతో అచ్చయిన కథనాలు పంపాలి. పేరు లేకుంటే, అవి ఫలానావారు రాసినవేనని పత్రిక చెప్పాలి.

ఓంప్రకాశ్‌ను అడిగితే కుర్చీలో వెనక్కి వాలాడు.

"'మా ప్రతినిధి' అంటే ఒక మనిషి కాదమ్మా, అది పత్రిక. నీ ఒక్కదానికి రాసిస్తే రేపు అందరొచ్చి నా నెత్తిన కూసుంటరు. జెర సబర్ చెయ్."

సబర్ చేసింది, ఓపిగ్గా. వారం తిరిగేసరికి డెస్కులో పనిచేసే గ్రేసీ వచ్చి చెవిలో వేసింది. "అక్కా, చెన్నైకి సారే అప్లై చేసిండట. నీ స్టోరీలే పెట్టిండట!"

పత్రికకు ప్రతినిధి ఎవరంటే బ్యూరో చీఫే కదా మరి! ప్రిసిల్లాకన్నా రెండేళ్లు చిన్న కాబట్టి వయసూ అడ్డు రాలేదు, ఆయనకు ఆయనే రాసిచ్చుకున్నాడు. ఆ సెంటర్ గుమ్మం ఎటువైపుందో కూడా ఎరగని మనిషి! ప్రిసిల్లాకు ఒళ్లు మండిపోయింది. నిజం ఏమిటో ఆఫీసులో అందరికీ తెలుసు. కానీ బదిలీలు ఓంప్రకాశ్ చేతిలో ఉన్నప్పుడు నోరు విప్పేదెవరు?

బయట నుంచి సాక్ష్యం చెప్పగలిగినవాళ్లు ఒక్కరున్నారు. ఫిల్టర్ల సంగతి ఆమెకు మొదట చెప్పిన మనిషి. ఊరూ పేరూ ఈ కథలో కూడా రావు, ఆడో మగో కూడా చెప్పను. ఆ మనిషి ఇప్పటికీ అదే యజమాని కింద పనిచేస్తూ బతకాలి. "అక్కా, రాసింది నువ్వేనని నేనొచ్చి చెప్తా" అంటే ప్రిసిల్లా గదమాయించింది. "నోరు మూసుకుని డ్యూటీకి పో. నా పేరు కోసం నీ పేరు బయటపెడతానా?"

చెన్నైవాళ్ల ఇంటర్వ్యూ ఇంకా రెండు రోజులుందనగా ఓంప్రకాశ్ క్యాంటీన్లో ఆమె ఎదురుగా కూర్చున్నాడు. తనే టీ తెచ్చి ఇచ్చాడు. పదిహేడేళ్లలో అదే మొదటిసారి.

"ఆ ఫిల్టర్ల ముచ్చట అడుగుతరు నన్ను. నీకు చెప్పిందెవరు? పేరొక్కటి చెప్పు, చాలు. వచ్చే ఏడు నీకు నేనే రాసిస్తా."

"వచ్చే ఏడు నాకు వయసు దాటిపోతది సార్."

"అదంత చూసుకుందాంలే. పేరు చెప్పు."

"'మా ప్రతినిధి' అంటే పత్రికనే అంటిరి గద సార్. పత్రికనే అడగండి" అని ఆమె టీ ముట్టకుండా లేచిపోయింది.

అయినా ఆయనే ఎంపికయ్యాడు. పూలదండ వేసి పంపారు, మూడు నెలల తర్వాత మళ్లీ పూలదండతో తెచ్చుకున్నారు. వచ్చిన వారానికే విలేకరులందరినీ కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు. పాఠం ఏమిటనుకున్నారు? సమాచారం ఇచ్చినవాళ్లను కాపాడుకోవడం ఎలా!

"ఇంటర్వ్యూల గుచ్చి గుచ్చి అడిగిండ్రు, నీకు చెప్పిందెవరని" అన్నాడు ఓంప్రకాశ్ గుండెల మీద చెయ్యేసుకుని. "ప్రాణం పోయినా చెప్పనన్న. అక్కడే ఖుష్ అయిపోయిండ్రు వాళ్లు. ఆ ఒక్క మాటకే నాకు సీటిచ్చిండ్రు."

అందరూ చప్పట్లు కొట్టారు. తెలియక చెప్పలేకపోయిన మనిషిని చూసి, తెలిసీ చెప్పనివాడనుకున్నారు అక్కడి పెద్దలు! ఏ పేరును ప్రిసిల్లా కడుపులో దాచుకుందో, ఆ దాచుకోవడమే ఆయనకు చెన్నై టికెట్టయింది. ఆమె లేచి నిలబడింది.

"ఒక డౌట్ సార్. ప్రాణం పోయినా చెప్పని ఆ పేరు, క్యాంటీన్ల నన్నెందుకు అడిగిండ్రు?"

గ్రేసీ తల వంచుకుని నవ్వాపుకుంది. ఓంప్రకాశ్ బోర్డు వంక చూశాడు, తలుపు వంక చూశాడు.

"అది... ట్రైనింగ్‌కు ముందు ముచ్చట గదమ్మా" అన్నాడు.

"ఈ పాఠం నాకు ట్రైనింగ్ లేకుండనే వచ్చు సార్. రానిది కంపెనీల లెక్కలు. అవి నేర్చుకుందామనే నేను పోతనన్న."