శనివారానికి కూర్చునే చక్రం

మా కారు ముందు చక్రాల్లో ఒకటి ప్రతి శనివారం పొద్దున్నకి చతికిలబడుతోంది. మిగతా మూడూ నిక్షేపంగా ఉంటున్నాయి. మా మామగారు కిషన్ రావు గారికి కొత్తవాడలో జంపఖానాల దుకాణం. సరుకు వేసుకుని వర్ధన్నపేట పోవాల్సింది కూడా శనివారమే.

"చక్రం దానంతట అదే ఎట్ల కూసుంటది? కింద వాటాల కిరాయికున్న సుభాషిణే గాలి తీస్తాంది. స్కూటీ గేటు ముందర పెట్టొద్దన్నప్పటి సంది ఆమెకు కోపం. వచ్చే వారం ఆదివారం కల్ల ఇల్లు ఖాళీ చెయ్యుమంట," అన్నారాయన.

పెళ్లయి వచ్చాక ఈ ఇంట్లో నేను మనసు విప్పి మాట్లాడేది సుభాషిణితోనే. పైగా నాకో జబ్బుంది. ఏదైనా ఎందుకు జరిగిందో తెలిసేదాకా అన్నం సయించదు. పంక్చర్ షాపతను టైరంతా సబ్బునీళ్లు కొట్టి చూసి మేకు లేదన్నాడు. మరి గాలి ఎటు పోతున్నట్టు?

గాలి కొలిచే గేజీ కొన్నాను. బండి తిరిగాక టైరు వేడెక్కి ఎక్కువ చూపిస్తుందట, అందుకని రోజూ పొద్దున్నే, కారు తీయకముందే చూసేదాన్ని. ఎప్పుడు చూసినా ముప్పై మూడే. శుక్రవారం పొద్దున్న కూడా అంతే. దాంతో ఆగలేక సాయంత్రం మళ్లీ వెళ్లి, గాలి కొట్టే చోట ఉండే నల్ల మూత తిప్పాను. వేలికి పచ్చగా అంటింది. పసుపు, దాని మీద కుంకుమ. చెవి పెడితే సన్నగా బుస్సుమంటోంది.

మా అత్తగారు కళావతి గారు శుక్రవారం కారుకు బొట్టు పెడతారని తెలుసు. ఇక్కడ పెడతారని తెలియదు. వంటింట్లోకి పరుగెత్తి అడిగాను.

"చక్రం పానమంత అండ్లనే ఉంటది గద బిడ్డా. నల్లటి మూతకు ఎవలన్న బొట్టు పెడ్తరా? తీసి పెట్టి, మల్ల బిగిచ్చిన," అన్నారు ఏమాత్రం తడుముకోకుండా. మిగతా చక్రాలకు ఆ యోగం ఎందుకు లేదంటే, రెండు గోడవైపు ఉన్నాయి, వెనకదానికి పూలకుండీలు అడ్డం.

ఆ పొడి లోపలి పిన్నులో ఇరుక్కుని, అది సరిగా మూసుకోక రాత్రంతా గాలి వదిలేది. శనివారం పంపుతో కొట్టగానే ఎగిరిపోయేది, మళ్లీ శుక్రవారం దాకా అంతా సవ్యం. నాకు నవ్వు ఆగలేదు. మామగారికి చెబితే ఆయన మాత్రం నవ్వలేదు. గేజీని తిప్పి తిప్పి చూసి, "ఆళ్లను ఉండుమని చెప్పు పో," అన్నారు, నా మొహం చూడకుండా.

మెట్లు దిగి సుభాషిణి తలుపు కొట్టాను. ఇంటినిండా అట్టపెట్టెలు. మామగారి అనుమానం, ఖాళీ చేయిస్తానన్న మాట ఎప్పుడో ఆమె చెవిన పడ్డాయి. నేను జరిగిందంతా చెబితే పకపకా నవ్వింది. తరవాత మెల్లగా, "కాజీపేటల ఇల్లు చూసుకున్నం అక్కా," అంది.

"అంత తేలిపాయె గద, ఇంక యాడికే?"

"తేలింది గని, ఇన్ని రోజులు మీ కారు పక్కపొంటి పోయేటప్పుడు, అంకుల్ పైనుంచి చూస్తాండని రెండు చేతులు కట్టుకొని పోయిన. గీ వాకిట్ల మల్ల చేతులు ఊపుకుంట నడుస్తనా?"

నాకు ఏడుపొచ్చింది. ఆమె పెట్టెకు తాడు చుడుతుంటే, ముడి జారకుండా వేలు పెట్టి పట్టుకున్నాను.