దుప్పటికి అవతలి కొస

ఇద్దరూ చెరో కొస పట్టుకుని ఒక్కసారి విదిలించారు. తెల్ల దుప్పటి కడుపునిండా గాలి నింపుకుని పైకి లేచి, నెమ్మదిగా దిగింది. అది దిగేలోగా అంచుకు అంచు కలపాలి. ఒకరివైపు ఒకరు నడిచి రావాలి. అవతలి చేతుల్లోని కొసలు అందుకోవాలి. హోటళ్ళ దుప్పట్లూ ఆసుపత్రుల దుప్పట్లూ ఉతికే ఆ పెద్ద లాండ్రీలో పొద్దస్తమానం ఇద్దరిలో పెద్దామె చేసేది ఇదే. జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరింది. ఇప్పుడు ఆ జుట్టు చేతిలోని దుప్పటితో పోటీపడుతోంది.

లాండ్రీలో ఆమెను పెద్దగొంతు అంటారు. చిన్నతనంలోనే చెవులు పోయాయి. తన గొంతు తనకు వినబడదు కనుక, గుసగుసగా చెప్పబోయిన మాట కూడా గోడ దాటిపోతుంది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. అందుకు వాళ్ళు మొహం ఇటు తిప్పాలి, నోరు చేత్తో కప్పుకోకూడదు. అంత ఓపిక ఎవరికుంటుంది? ఆమెకు జతగా ఎందరో వచ్చారు. పక్కవాళ్ళతో కబుర్లాడుకుంటూ, ఆమెతో దుప్పటి మాత్రం మడిచి వెళ్ళిపోయారు. రేడియోలో పాట వస్తోందని వాళ్ళ కాళ్ళు తాళం వేయడం చూసి తెలుసుకునేది.

కిందటి వానాకాలంలో ఒక పిల్ల పనిలో చేరింది. నిద్రలో తప్ప నోరు మూయని పిల్ల. వారం తిరక్కుండానే వాగుడుకాయ అన్న పేరు స్థిరపడింది. ఆ మాటల జోరు భరించలేక మేస్త్రి ఆ పిల్లను తీసుకెళ్ళి పెద్దగొంతు ఎదురుగా నిలబెట్టాడు.

"ఇక ఎంత వాగుతావో వాగు. ఈవిడనైతే నువ్వేం చెయ్యలేవు."

అందరూ నవ్వారు. పిల్ల కూడా నవ్వి, పెద్దగొంతు కళ్ళలోకి చూస్తూ ఒక్కో అక్షరం విడమరిచింది. "పెద్దమ్మా, నా మాట తెలుస్తోందా?"

"తెలుస్తోందిలే, అంత సాగదీయకు. చెవిటిదాన్నే గానీ మొద్దుదాన్ని కాదు."

దుప్పటి అవతలి కొస పట్టుకున్నాక మొహం ఇటు తిప్పక తప్పదు. ఆ పిల్ల ఎదురు నడిచి వచ్చే నాలుగడుగుల్లోనే అన్నయ్య గురించి, వదిన విసుగు గురించి, కలలో కనిపించిన గుర్రం గురించి చెప్పేసేది. నెల తిరిగేసరికి మూటాముల్లె సర్దుకుని పెద్దగొంతు గదికే వచ్చేసింది. రెండు నులక మంచాలు పట్టే గది. మధ్యలో మనిషి పక్కకు తిరిగితేనే దారి. ఆ గదిలో ఇన్నేళ్ళూ అన్నం తినడానికి తప్ప తెరవని నోరు, ఇప్పుడు మాటలకూ తెరుచుకుంది.

ఆ రోజు మాత్రం పిల్ల పనిలోకి వచ్చాక పెదవి విప్పలేదు. లేస్తూనే తల పగిలిపోతోందంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. పడుకోమంటే వినకుండా, జ్వరం మాత్ర మింగి వచ్చేసింది.

"జలుబు చేస్తుందేమో పెద్దమ్మా, అదే పోతుంది."

దుప్పట్లు వంకరగా వస్తున్నాయి. అంచులు కలవడం లేదు. పిల్ల కళ్ళు చికిలిస్తోంది. కిటికీకి ఎదురుగా నిలబడలేక ఇటువైపు వచ్చి నిలబడింది. కాసేపటికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తి, వాంతి చేసుకుని, గోడ పట్టుకుంటూ తిరిగొచ్చింది. కొసలు అందుకునేటప్పుడు వేళ్ళు తగిలాయి. అంత జ్వరంలోనూ ఆ వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి.

ఒక కొస పిల్ల చేతిలోంచి జారి నేలమీద పడింది. దాన్ని తీయడానికి ఆ పిల్ల తల వంచలేదు. నెత్తిమీద నిండు బిందె ఉన్నదానిలా మెడ నిటారుగా పెట్టి, మోకాళ్ళు మడిచి దిగి, చూపు ఎదురుగానే ఉంచి, చేత్తో నేలంతా తడిమింది.

పెద్దగొంతు చేతిలోని దుప్పటి కూడా జారిపోయింది.

తనకూ అలాగే అయింది. బడికెళ్ళే వయసు. ఎండ దెబ్బ అనుకుని అమ్మ కిటికీ మూసి, తడిగుడ్డ వేసి చీకటి గదిలో పడుకోబెట్టింది. పడుకుంటే తగ్గుతుందనుకుంది. ఒళ్ళు విల్లులా వంగిపోయాక గానీ ఆసుపత్రికి ఎత్తుకుపోలేదు. ఎన్నాళ్ళకో కళ్ళు తెరిస్తే అమ్మ పెదాలు కదులుతున్నాయి, చప్పుడు లేదు. అమ్మ ఆట పట్టిస్తోందనుకుని తను కూడా ఉత్తినే పెదాలు కదిపింది. అమ్మ ఏడవడం మొదలుపెట్టాక అది ఆట కాదని తెలిసింది.

"గడ్డం గుండెకు ఆనించు" అంది పిల్లతో.

పిల్ల ప్రయత్నించింది. సగంలోనే మొహమంతా ముడుచుకుపోయింది.

మేస్త్రి వచ్చాడు. "మాత్ర వేసుకుంది కదా, కాసేపు ఆ మూల పడుకోనీ. మధ్యాహ్నానికి తేరుకుంటుంది."

"పడుకోబెట్టే నన్నిట్లా చేశారయ్యా!"

ఆ కేకకు ఇస్త్రీ పెట్టెలు ఆగిపోయాయి. మేస్త్రి తనే రోడ్డుమీదికి వెళ్ళి ఆటో పిలుచుకొచ్చాడు. ఎక్కేటప్పుడు పిల్ల పెద్దగొంతును చూసి "నువ్వెవరు?" అంది. పెదాల మీద అంత స్పష్టంగా కనబడిన మాట అంతకుముందు లేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్ల మెడ కింద చెయ్యి పెట్టి ఎత్తి చూసింది. పిక్క మీది ఎర్రని మచ్చలపై గాజు గ్లాసు అదిమింది. గ్లాసు కింద కూడా మచ్చలు పాలిపోలేదు. అంతే, గదిలో అందరి కాళ్ళూ పరుగందుకున్నాయి. పరీక్షల ఫలితం కోసం ఆగకుండా మందు ఎక్కించేశారు. అందరి మూతులకూ మాస్కులే. పెద్దగొంతు ఒక్కో మాస్కునూ మార్చి మార్చి చూసింది. గుడ్డల వెనక ఏదో కదులుతోంది. ఏమిటో తెలియదు. జనం మధ్య నిలబడి అంత ఒంటరిగా ఆమె ఎన్నడూ లేదు.

నర్సమ్మకు సంగతి అర్థమైంది. ఆమె అద్దాల తలుపు అవతలికి వెళ్ళి, మాస్కు కిందికి లాగి, అద్దం వెనకనుంచి నిదానంగా మాట్లాడింది.

"మెదడు పైపొరకు వాపు. మెనింజైటిస్ అంటారు. ఆలస్యం చేయకుండా తెచ్చారు, మంచి పని చేశారు. ఒకే గదిలో ఉండేవాళ్ళకు అంటుకోవచ్చు. మాత్రలిస్తాను, మీరూ వేసుకోవాలి. మీకు జ్వరం, తలనొప్పి వస్తే ఏ వేళైనా సరే వచ్చేయండి. దీనికి టీకాలున్నాయి. వాళ్ళింట్లో చంటిపిల్లలుంటే వేయించారో లేదో కనుక్కోండి."

తన చిన్నప్పుడు ఆ టీకా మాటే ఎవరూ ఎత్తలేదు. పెద్దగొంతు చెవులు రెండూ పట్టుకుని చూపించింది. "దానికి ఇవి ఉంటాయా?"

"ఇప్పుడే చెప్పలేమమ్మా" అన్నాయి అద్దం వెనక పెదాలు.

ఆ తర్వాత ఆమె ఒంటరిగా మడవడానికి వీలైన తలగడ గలీబులు మాత్రమే మడిచింది. సాయంత్రాలు ఆసుపత్రి. పిల్ల కళ్ళు తెరిచింది. గంజి తాగింది. కూర్చుంది. కానీ మాట్లాడటం లేదు, కిటికీలోకి చూస్తూ ఉంటుంది. పిలిస్తే పలుకుతోందో లేదో ఇంకొకళ్ళను అడగడానికి ధైర్యం చాలలేదు. అడిగితే జవాబు వస్తుంది కదా.

ఒక సాయంత్రం పిల్ల వీపు ఇటు పెట్టి కూర్చుని ఉంది. పెద్దగొంతు మంచం పక్కనున్న స్టీలు పళ్ళెం తీసుకుని నేలకు వదిలేసింది. అది ఎగిరి గిరగిరా తిరిగింది. చప్పుడు లేదు. వార్డులోని తలలన్నీ ఇటు తిరిగాయి. ఆమె చూసింది మాత్రం ఒకే తలను.

పిల్ల ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. "చంపేశావు కదా పెద్దమ్మా! గుండె ఆగిపోయింది!"

పెద్దగొంతు ఆ పళ్ళెం తీయడానికి వంగి, చాలాసేపు పైకి లేవలేదు.

పిల్లను ఆసుపత్రి నుంచి గదికి తెచ్చిన రోజు ఆమె అన్నయ్య వచ్చాడు. నెమ్మదస్తుడు. పెద్దగొంతు రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. "దీన్నిక పనికి పంపమండీ. మా దగ్గరే ఉంటుంది" అన్నాడు. తన పిల్లలకు టీకాలు వేయించే వచ్చానని కూడా చెప్పాడు. గదిలోని సామానంతా కాసేపట్లో సంచిలో సర్దేశాడు. ఆటో కదులుతుండగా వాగుడుకాయ గబగబా ఏదో చెప్పింది. కానీ అప్పటికే మొహం అన్నయ్య వైపు తిరిగి ఉంది. చెంప కదలడం మాత్రం కనిపించింది. ఏమందో పెద్దగొంతుకు ఎప్పటికీ తెలియదు.

మర్నాడు తెల్లవారుతుండగా అలవాటు కొద్దీ మెలకువ వచ్చింది. అవతలి మంచం నులక కనిపిస్తూ ఖాళీగా ఉంది. పక్క గది ఆవిడ తలుపు తోసుకుని వచ్చి, "అబ్బ, ఎంతసేపటినుంచి మోగుతోంది, ఆపవేం?" అంటూ గూటిలోకి చెయ్యి చూపించింది. అంతలోనే నాలుక కరుచుకుని వెళ్ళిపోయింది.

గూట్లో, సర్దడంలో మరిచిపోయిన పిల్ల అలారం గడియారం ఉంది. నిన్న గదికి రాగానే ఆ పిల్ల ఎప్పటిలా కీ ఇచ్చి, పని వేళకు పెట్టింది పెట్టినట్టే ఉంది. పెద్దగొంతు దాన్ని ఆపలేదు. దానిమీద చెయ్యి వేసి నిలబడింది. కీ అయిపోయేదాకా ఆ చిన్న రేకు గడియారం ఆమె అరచేతి కింద వణుకుతూనే ఉంది.