శుక్రవారం తప్పు

పెండ్యాల దాటేసరికి ప్రభుదాసు సంచిలో చెయ్యి పెట్టి, పాఠాల నోట్సు పుస్తకం ఉందో లేదో మూడోసారి చూసుకున్నాడు. ఉంది. ఎక్కడికి పోతుంది? కాజీపేటలో బండెక్కే ముందొకసారి, బండి కదిలాక ఒకసారి చూసుకున్నదే. అయినా ఆయన చెయ్యి ఆయన మాట వినదు. తలుపుకు తాళం వేసి రెండుసార్లు గుంజి చూసే మనిషి, ఉత్తరం డబ్బాలో వేశాక అది లోపలే పడిందా అని డబ్బా కింద వంగి చూసే మనిషి. నలభై ఎనిమిదేళ్ళు, బక్కపలచటి ఒళ్ళు, మెడ దగ్గర వదులైపోయిన కాలరు, ముక్కు మీద ఒకచోట నిలవని కళ్ళజోడు. భయం పుట్టిందంటే ముందు అరచేతులకు తెలుస్తుంది. పొద్దుటి నుంచి వాటిని ప్యాంటుకు తుడుస్తూనే ఉన్నాడు, అవి చెమ్మగిల్లుతూనే ఉన్నాయి.

ఆ రోజు బడికి ఇన్‌స్పెక్షన్. మూడో పీరియడ్‌కు వస్తారని కబురు. అది చాలదన్నట్టు హెడ్మాస్టరు రాజేశ్వర్ రావు ముందురోజు సాయంత్రమే గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు.

“పోయినేడు టెన్త్‌ల తొమ్మిది మంది లెక్కల్ల ఫెయిలైన్రు. మీరు క్లాసుల జోకులు చెప్తరు, కథలు చెప్తరు అని ఎవరో పైకి రాసిండ్రు. రేపు ఆయన చూసి మంచిగున్నదంటేనే టెన్త్ మీకు ఉంటది. లేకుంటె మిమ్ముల యాడికి పంపిస్తరో నాకు ఎర్కలేదు. నా చేతుల లేదు ప్రభుదాసు గారు.”

తాను రాకముందు ఫెయిలైనవాళ్ళు పంతొమ్మిది మంది అని చెబుదామనుకున్నాడు ప్రభుదాసు. చెప్పకుండానే తలుపు తీసుకొని బయటికి వచ్చేశాడు. ఆయనకు ఉద్యోగం పోతుందన్న బెంగ లేదు. సర్కారు ఉద్యోగం ఎక్కడికీ పోదు. ఆ నలభై రెండు మంది పిల్లలు పోతారు. ఎనిమిదో తరగతి నుంచి చేయిపట్టి నడిపించుకొచ్చిన పిల్లలు. పరీక్షలకు ఇంకా ఆరువారాలు. ఇప్పుడు వదిలేస్తే ఆ వెనక వరస వాళ్ళు మళ్ళీ లెక్కంటే వణకడం మొదలుపెడతారు. ఆ వణుకేమిటో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఎందుకంటే ఈ లెక్కల సారు మెట్రిక్‌లో రెండుసార్లు తప్పింది లెక్కల్లోనే. చిన్నప్పుడు ఒక పంతులు ఎక్కం తప్పినందుకు వేళ్ళ కణుపుల మీద రూళ్ళకర్రతో కొట్టాడు. ఆ తరువాత పలక మీద అంకె కనిపిస్తే చాలు, చేతులకు చెమటలు. తండ్రి కాజీపేట లోకోషెడ్డులో ఖలాసీ. రెండోసారి తప్పినప్పుడు కొడుకును పనికైనా పెడదామని షెడ్డుకు తీసుకుపోతే, అక్కడ పోశయ్య అనే ముసలి ఫిట్టరు బీడీ ఆర్పి అడిగాడు. “ముప్పై డబ్బాల గూడ్సు. ఇంజను నీళ్ళు తాగనీకె పోయింది. డబ్బా డబ్బాకు నడుమ ఒక కొక్కెం. మొత్తం ఎన్ని కొక్కేలురా?” కుర్రవాడు ముప్పై అన్నాడు. “ఆఖరు డబ్బా వెనక ఎవరు పట్టుకున్నరు, మీ తాతనా?” అన్నాడు ఫిట్టరు. తండ్రి నవ్వాడు, షెడ్డులో ఉన్నవాళ్ళందరూ నవ్వారు, ప్రభుదాసు కూడా నవ్వాడు. లెక్క తప్పినా దెబ్బ పడకపోవడం ఆయన బతుకులో అదే మొదలు. మరుసటి ఏడు పాసయ్యాడు. ఆ నవ్వును పంతులైనప్పటినుంచి, ఇరవై రెండేళ్ళుగా, ఊరూరా బళ్ళలో పంచుతూ వస్తున్నాడు, ఎవరికీ పెద్దగా తెలియకుండా.

“పుస్తకంల ఉన్నది ఉన్నట్టు చెప్పి రా. ఒక్క దినం. నీకు దండం పెడ్త,” అంది విమల పొద్దున గుమ్మం దగ్గర. భార్య అట్లా దండం పెట్టడం ఆయన ఎప్పుడూ చూడలేదు. సరేనన్నాడు. నిజంగానే సరేననుకున్నాడు.

స్టేషన్ ఘన్‌పూర్‌లో దిగి, రెండు మైళ్ళు పొలాల గట్ల వెంట నడిచి, బడికి చేరేసరికి గంట కొడుతున్నాడు అటెండర్ సారయ్య. ఆవరణలో నీళ్ళు చల్లి ముగ్గుపిండితో గీతలు గీశారు. పిల్లలు ఉతికిన బట్టల్లో ఉన్నారు. మొదటి పీరియడ్ టెన్త్ లెక్కలు. ప్రభుదాసు గదిలోకి అడుగుపెట్టి, ముందే అనుకున్నట్టుగా వృత్తాల సిద్ధాంతం తీశాడు.

నలభై రెండు మొహాలూ బిగుసుకొని ఉన్నాయి. ఇన్‌స్పెక్షన్ భయం. అందరికంటే చురుకైన కొమురెల్లి కూడా చేతులు కట్టుకొని బొమ్మలా కూర్చున్నాడు. వెనక వరసలో మొగిలమ్మ పెదవి కొరుక్కుంటోంది. మిరప చేలల్లో కూలికిపోయే ఇంటి పిల్ల. మూడేళ్ళు నోరెత్తలేదు, మొన్న సంక్రాంతి సెలవుల తరువాతే ధైర్యం చేసి మొదటిసారి లేచి నిలబడింది. ఇప్పుడు ఆ పిల్ల కుడిచేతిని లంగాకు తుడుచుకోవడం చూశాడు ప్రభుదాసు. తుడిచింది, మళ్ళీ తుడిచింది.

గడియారం చూసుకున్నాడు. మూడో పీరియడ్‌కు గంటన్నర ఉంది. పావుగంట చాలు, వీళ్ళ ఒళ్ళు వదులవుతుంది, తరువాత సిద్ధాంతం.

“ఇయ్యాల ఏం వారంరా?” అన్నాడు.

“శుక్రవారం సార్!” గది మొత్తం ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది.

శుక్రవారమంటే వాళ్ళకు తప్పు రోజు. సారు బోర్డు మీద ఒక లెక్క చేస్తాడు, నవ్విస్తూ చేస్తాడు, ఎక్కడో ఒక తప్పు దాస్తాడు. కనిపెట్టినవాళ్ళు అరవకూడదు, పక్కవాడి చెవిలో ఊదకూడదు. నోరు మూసుకొని లేచి నిలబడాలి, అంతే. మొదట లేచినవాడికి మెప్పు లేదు, ఆఖరున లేచినవాడికి ఎగతాళి లేదు. అందరూ లేచేదాకా సారు ఆగుతాడు. అందరూ లేచిన రోజు మాత్రం ఈ మూడేళ్ళలో ఒక్కటి కూడా రాలేదు. ఎంత ఆగినా అయిదారుగురు కూర్చునే ఉండేవారు.

“హనుమకొండ నుంచి జనగామకు ఒక బస్సు పోతాంది. అరవై కిలోమీటర్లనుకుందం. పోంగ గంటకు అరవై స్పీడు. డ్రైవర్ కొత్తపెండ్లికొడుకు, అత్తగారింటికి పోతాండు, అందుకే ఆ ఉరుకుడు.” పిల్లలు కిలకిలమన్నారు. “రాంగ గంటకు ముప్పై. ఎందుకు?”

“పెండ్లాం తోని పంచాయితీ అయింది సార్!”

“అయితాది మరి. అరవై, ముప్పై. రెండు కలిపితె తొంభై. రెండుతోని భాగిస్తె నలభై అయిదు. సగటు వేగం నలభై అయిదు.” జవాబు కింద రెండు గీతలు గీసి ఆయన వెనక్కి తిరిగాడు. పోవడానికి గంట, రావడానికి రెండు గంటలు, మూడు గంటల్లో నూట ఇరవై కిలోమీటర్లు. అంటే నలభై. కొమురెల్లి అప్పుడే బెంచీ మీద చెయ్యి ఆనించి లేవబోతున్నాడు.

ఆ క్షణాన గుమ్మంలో నీడ పడింది. జీపు ముందే వచ్చేసింది. తెల్ల సఫారీ వేసుకున్న ఇన్‌స్పెక్టర్ వెంకట్రాజం, ఆయన వెనక మొహం పాలిపోయిన రాజేశ్వర్ రావు. కొమురెల్లి కూర్చుండిపోయాడు. తరువాత పెద్దవాళ్ళు వచ్చారు కనుక అందరూ లేచి దండం పెట్టి, మళ్ళీ కూర్చున్నారు.

వెంకట్రాజం బోర్డు వైపు చాలాసేపు చూశాడు. ఆయన లెక్కలు తెలిసిన మనిషే. ప్రభుదాసును వరండాలోకి పిలిచి, పిల్లలకు వినబడకుండా అడిగాడు.

“ఇది నలభై అయిదు వస్తదా సారూ?”

“రాదు సార్. నలభై. కావాలనే తప్పు చేసిన. పిల్లలు పట్టుకోవాలె. ప్రతి శుక్రవారం గిట్లనే...”

“పట్టుకుంటరా?”

“పట్టుకుంటరు సార్. జర ఆగితే లేస్తరు.”

“సరే. చూద్దాం.” లోపలికి వచ్చి, కుర్చీ లాక్కొని కూర్చొని చేతి గడియారం మీద కన్నేశాడు వెంకట్రాజం.

ప్రభుదాసు కొమురెల్లిని చూశాడు. వాడు కాలి బొటనవేలును చూసుకుంటున్నాడు. మొదటి వరస చూశాడు, రెండో వరస చూశాడు. ఒక్కొక్క తలా వంగుతోంది. ఒక నిమిషం పోయింది. లేవండిరా అని కళ్ళతో బతిమాలాడు. పైకి అనడానికి లేదు, తాను పెట్టిన నియమమే అది. అరచేతుల్లోంచి చెమట వేళ్ళ కొసలకు దిగుతోంది. రెండో నిమిషం కూడా పోయింది. బయట సారయ్య ఎవరినో అదిలిస్తున్న కేక తప్ప ఇంకే చప్పుడూ లేదు.

ఇన్‌స్పెక్టర్ వెనక వరస వైపు వేలు చూపించాడు. “నువ్వు చెప్పమ్మా. మీ సారు చేసిన లెక్క కరెక్టేనా?”

మొగిలమ్మ లేచి నిలబడింది. ఒక్కసారి ప్రభుదాసు కళ్ళలోకి చూసి, తల దించుకుంది.

“కరెక్టే సార్.”

వెంకట్రాజం నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు. కోప్పడలేదు, గొంతు పెంచలేదు. వెళ్తూ వెళ్తూ దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. “తప్పు చేసినోళ్ళందరు కావాలనే చేసిన అంటరు సారూ. పరీక్షల ఇదే రాస్తె మార్కులు పోయేది పిల్లలకు గద.” ప్రభుదాసుకు అధికారి మీద కోపం రాలేదు. ఆయన స్థానంలో తానున్నా అదే రాసేవాడు.

బూట్ల చప్పుడు వరండా చివర మలుపు తిరిగింది. జీపు స్టార్టయింది. గేటు దాటింది. ప్రభుదాసు బోర్డు వైపు తిరిగి నిలబడి ఉన్నాడు, పిల్లల మొహాలు చూసే ఓపిక లేక. వెనక బెంచీ కిర్రుమంది. ఇంకో బెంచీ. ఇంకోటి.

తిరిగి చూస్తే కొమురెల్లి నిలబడి ఉన్నాడు. వాడి వరస నిలబడి ఉంది. రెండో వరస, మూడో వరస. మొగిలమ్మ నిలబడి ఉంది. ఎన్నడూ లేవని ఆ అయిదారుగురూ నిలబడే ఉన్నారు. నియమం ప్రకారం ఒక్కరూ నోరు విప్పలేదు. ప్రభుదాసు లెక్కపెట్టాడు. నలభై రెండు. నమ్మకం లేక మళ్ళీ లెక్కపెట్టాడు.

“తెలిసి ఎందుకు లేవలేదమ్మా?” అన్నాడు.

“ఆ పెద్దసారు ముంగట మీ తప్పు ఎట్ల పడ్తం సార్?” అంది మొగిలమ్మ. “మీ ఇజ్జత్ పోదా?”

ఆయనకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. వీళ్ళు తనను ముంచారు, ప్రేమతోనే ముంచారు. మూడేళ్ళు ఎదురుచూసిన రోజు వచ్చింది, కాకపోతే రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. వీళ్ళకు లెక్క వచ్చేసింది, అది మాత్రం నిజం. ఆ సంతోషాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

మధ్యాహ్నం హెడ్మాస్టరు గదికి పిలుపు వచ్చింది.

“అందరు లేచిండ్రు సార్. నలభై రెండు మంది,” అన్నాడు ప్రభుదాసు కూర్చోకుండానే.

“జీపు పోయినంక లేస్తె ఏం లాభమయ్యా?” రాజేశ్వర్ రావు నుదురు రుద్దుకున్నాడు. ఆయనకూ బాధగానే ఉంది. “ఏటూరునాగారం అవతల, అడవిల ఒక చిన్న బడి. ఒకటి నుంచి అయిదు దాంక. సోమవారం జాయిన్ గావాలె. రేపు పొద్దున హనుమకొండ ఆఫీసుకు పోయి ఆర్డరు తీసుకోన్రి. టెన్త్ నేను చూసుకుంట. పిల్లలకు ఇప్పుడే చెప్పకున్రి, ఆగమైతరు.”

ఆఖరు పీరియడ్‌లో ఆటలు. ప్రభుదాసు అడిగి పది నిమిషాలు తీసుకున్నాడు. పిల్లలు చెమటలతో, మట్టికాళ్ళతో వచ్చి కూర్చున్నారు. చెప్పాల్సిన మాట ఒకటే, అది చెప్పే అనుమతి లేదు. కాబట్టి లెక్క చెప్పాడు.

“యాకయ్య గొర్రెలను రెండేసి లెక్కవెడితె ఒకటి మిగిలింది. మూడేసి లెక్కవెడితె ఒకటి మిగిలింది. నాలుగేసి, అయిదేసి, ఆరేసి, ఎట్ల లెక్కవెట్టినా ఒక్కటి మిగులుతాంది. అది యాకయ్యను చూసి నవ్వుతాంది. ఆఖరికి ఏడేసి లెక్కవెడితె ఒక్కటి గూడ మిగల్లే. తక్కువల తక్కువ ఎన్ని గొర్రెలు?”

“జవాబు ఎప్పుడు చెప్తరు సార్?” అన్నాడు కొమురెల్లి రాసుకుంటూనే.

“సోమవారం,” అన్నాడు ప్రభుదాసు. బతుకులో అబద్ధం ఆడటం ఆయనకు ఎన్నడూ చేతకాలేదు. ఆ మాట అనేటప్పుడు కిటికీ వైపు తిరిగాడు. “ఇంకో మాట. ఇగ నుంచి తప్పు కనబడితె ఎవరి ముంగటైనా లేవాలె. నా ఇజ్జత్ ఫికర్ మీకొద్దు.”

“మీరుంటె లేస్తం సార్,” అంది మొగిలమ్మ.

గంట కొట్టారు. గది ఖాళీ అయింది. ప్రభుదాసు బల్ల దగ్గర ఒక్కడే నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా పిల్లలు లేవకముందు జవాబు చెప్పి ఎరగడు. కానీ సోమవారం ఇక్కడ ఎవరుంటారు? లెక్క సగంలో ఆగిపోయిన పిల్లకు తాను పోతున్నది సరైన దారేనని ఎవరు చెబుతారు? నోట్సు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, మూడు అంకెలు రాశాడు. చెరిపేద్దామా అని కాసేపు తటపటాయించాడు. చివరకు నాలుగు మడతలు పెట్టి, పైన ‘అందరూ లేచినాకనే విప్పాలె’ అని రాసి బల్ల మీద పెట్టాడు.

అయిదున్నర బండి అందుకోవాలి. ముగ్గుగీతలు తొక్కకుండా గట్టు వైపు దిగి, తల వంచుకొని చకచకా నడిచి వెళ్ళిపోయాడు. సారయ్య వచ్చి కిటికీలు మూసి, తలుపు దగ్గరికి వేసి తాళం పెట్టాడు. లోపల చీకటి పడుతున్న గదిలో, బల్ల అంచున, గాలికి కదలకుండా డస్టర్ కిందికి సగం తోసిపెట్టిన నాలుగు మడతల కాగితం, చెమ్మ చేతులతో మడిచినచోట ఇంకు కొద్దిగా అలుక్కుపోయి ఉంది.