అత్తా అల్లుడూ ఒకే క్లాసు

సిటీ బస్సుల్లో టికెట్లిచ్చే పని మిషన్ల పాలయ్యాక కండక్టరమ్మ ఇంట్లో కూర్చోవలసి వచ్చింది. అదే ఏడాది ఆమె అల్లుడు పనిచేసే ఫొటో స్టూడియో కూడా మూతపడింది. ఇద్దరూ రోజంతా ఒకే ఇంట్లో, ఒకరికొకరు ఎదురుపడకుండా మర్యాదగా తప్పుకుని తిరుగుతుంటే, ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న కూతురికి ప్రాణం విసిగింది.

ఊరి చివర కొత్తగా మందుల ఫ్యాక్టరీ పెట్టారు. అక్కడ పొడులు కలిపి మందు చేయరు. పెద్ద పెద్ద స్టీలు ట్యాంకుల్లో బతికున్న కణాలను పెంచి వాటిచేతే చేయిస్తారు. ఆ పనికి మనుషులను తయారుచేయడానికి కమ్యూనిటీ కాలేజీలో కోర్సు మొదలైందని తెలిసి, ఆ అమ్మాయి ఇద్దరినీ అడగకుండానే ఇద్దరి పేర్లూ ఇచ్చేసి వచ్చింది.

మొదటి రోజు అల్లుడు ముందు బెంచీలో, కండక్టరమ్మ వెనక బెంచీలో కూర్చున్నారు. ఆ దూరం ఎంతోసేపు నిలవలేదు. శుభ్రమైన గదిలోకి వెళ్ళే దుస్తులు వేసుకోవడం జంటలుగా నేర్చుకోవాలి. ఒకరు వేసుకుంటుంటే రెండోవారు కళ్ళార్పకుండా చూడాలి, తప్పు కనబడితే వెంటనే ఆపాలి. అందరూ జతలు కుదుర్చుకోగా మిగిలింది వీళ్ళిద్దరే.

టోపీ, మాస్కు, మెడ నుంచి మడమల దాకా ఒకే తెల్లటి సూటు, బూట్లు, కళ్ళద్దాలు, గ్లవ్స్. సూటు ఎక్కడా నేలకు తగలకూడదు, గ్లవ్స్ తొడిగాక చెయ్యి మొహానికి తగలకూడదు. అల్లుడు కాలు దూరుస్తుంటే సూటు చేతి కొస జారి నేలను రాసుకుంది. కండక్టరమ్మ చూసింది. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాణ్ణి చూసి కిక్కిరిసిన బస్సును నడిరోడ్డులో నిలబెట్టించిన మనిషే. కానీ ఎదురుగా ఉన్నది అల్లుడుగారు. గొంతు సవరించుకుంది.

“ఇక్కడ నేల బాగా తుడుస్తారనుకుంటా, అల్లుడుగారూ.”

“అవునత్తయ్యగారూ, అద్దంలా ఉంది,” అన్నాడతను జిప్పు పైకి లాక్కుంటూ.

ఆమె వంతు వచ్చినప్పుడు గ్లవ్స్ చేత్తోనే మాస్కు సర్దుకుంది. అల్లుడు పైకప్పు వంక చూశాడు.

చివర్లో అందరూ వేళ్ళ కొసలను గుండ్రటి చిన్న పళ్ళెంలోని జెల్లీ మీద అద్దారు. ఆ పళ్ళేలను వెచ్చని పెట్టెలో ఉంచితే చేతికంటిన సూక్ష్మజీవులు చుక్కలై పైకి తేలతాయి. మరుసటి వారం తీసి చూస్తే తక్కినవాళ్ళవి దాదాపు ఖాళీగా ఉన్నాయి. వీళ్ళవి మాత్రం పసుపు చుక్కలతో కళకళలాడుతున్నాయి.

ఒకరి తప్పు ఒకరు చూశారా అని పాఠం చెప్పే మేడమ్ అడిగితే ఇద్దరూ చూశామనే ఒప్పుకున్నారు. మరి చెప్పలేదేమంటే, అల్లుడుగారు కదండీ అని ఆమె, అత్తగారు కదండీ అని అతనూ అన్నారు. వరస తెలిసి క్లాసంతా నవ్వింది, మేడమ్ కూడా నవ్వింది. తరవాత నెమ్మదిగా చెప్పింది.

“ఆ ట్యాంకులోంచి వచ్చే మందు మంచాన పడ్డ మనిషి నరంలోకి వెళ్తుందమ్మా. మీ మర్యాద కూడా దాంతోపాటే వెళ్తుంది. లోపల అత్తా లేదు, అల్లుడూ లేడు.”

ఆ సాయంత్రం సంగతి విని కూతురు కడుపుబ్బ నవ్వింది. నవ్వి ఊరుకోలేదు. రెండు వానకోట్లు తెచ్చి హాల్లో పడేసి, ఇక్కడే వేసుకోండి, ఒకరి తప్పు ఒకరు ఇక్కడే ఆపండి అని సోఫాలో కాలు మీద కాలేసుకుని కూర్చుంది. కండక్టరమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని నోరు తెరవబోయింది. కళ్ళు మూసుకుంటే ఏం కనబడుతుందని కూతురు కసిరింది. మరి కాసేపటికి, లోపల అణిగి ఉన్న బస్సు గొంతు ఒక్కసారిగా బయటికొచ్చి “ఆగాలి” అంది. అల్లుడే కాదు, బయట మెట్లెక్కుతున్న పక్కింటాయన కూడా సంచులతో సహా నిలబడిపోయాడు.

అల్లుడి సంగతే కష్టమైంది. కాస్త ఆగితే బాగుంటుందేమోనండీ అని అతను వాక్యం పూర్తి చేసేలోపు అత్తగారి వానకోటు హాలంతా ఊడ్చేసేది.

కోర్సు చివర పరీక్ష పెట్టారు. గాజు గోడకు అవతల ఫ్యాక్టరీ వాళ్ళు నిలబడి చూస్తున్నారు. కాలేజీలోని చిన్న ట్యాంకుకు గొట్టం తగిలించడం ఆమె పని, పక్కనుండి కనిపెట్టడం అతని పని. ఊపిరి వేడికి ఆమె కళ్ళద్దాలు మసకబారాయి. గొట్టం మూత తీయబోతూ, తుడుచుకుందామని అలవాటుగా చెయ్యెత్తింది.

“ఆగత్తయ్యా.”

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పిలుపులో గారూ లేదు, అండీ లేదు. పెళ్ళయిన నాటి నుంచి అతను తనను అంత దగ్గరగా పిలిచింది ఇదే మొదలని తోచి, మాస్కు వెనక నవ్వుకుంది. చెయ్యి దించి, మసక విడేదాకా కదలకుండా నిలబడి, అప్పుడు గొట్టం తగిలించింది.

ఈసారి పళ్ళేల్లో ఒక్క చుక్కా రాలేదు. ఇద్దరికీ ఫ్యాక్టరీలో పని దొరికింది: ఆమెకు కణాలకు ఆహారం కలిపేచోట, అతనికి మందును సీసాల్లో నింపేచోట.

ఒక ఆదివారం పొద్దున ఆమె టీ అందిస్తే అల్లుడు ఒక గుక్క తాగి, పంచదార మరీ ఎక్కువైందన్నాడు. ఎన్నాళ్ళ నుంచీ అని అడిగిందామె. పెళ్ళయిన దగ్గర్నుంచీ అన్నాడు. ఆమె మొహం కాసేపు ముడుచుకుంది. తరవాత కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇంకా ఏమేం దాచుకున్నాడో అన్నీ ఇప్పుడే చెప్పమంది. అతను మొదలుపెట్టాడు. కాసేపటికి ఆమె కూడా మొదలుపెట్టింది. కూతురు తన కప్పు పట్టుకుని వరండాలోకి తప్పుకుంది. లోపల్నుంచి వాదనలు, మధ్యమధ్య నవ్వులు, టీ చల్లారాక కూడా వినిపిస్తూనే ఉన్నాయి.